నా గొట్టాల్లోనూ రంగు తగ్గింది

పద్దెనిమిదేళ్లుగా మోస్తున్న మాట ఇది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అనంతపురంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివే రోజులు. ల్యాబులో సరళ బల్ల నా పక్కనే. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల అమ్మాయి. పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికి పట్టుకునేదాకా వదలని రకం. నాకా ఓపిక లేదు. మంచి పేరు మీద ఆశ మాత్రం ఉండేది.

ఆ రోజు ఈస్టు నుంచి తీసిన ఎంజైముతో ప్రయోగం. అది చక్కెరను విడగొడుతుంది. ఒక్కో గొట్టంలో చక్కెర పెంచుతూ పోవాలి. పని ఎంత వేగంగా జరిగితే, చివర కలిపే రసాయనంతో రంగు అంత ఎర్రబడుతుంది. పుస్తకం ప్రకారం వేగం పెరిగి పెరిగి, ఎంజైముకు చేతినిండా పని దొరికాక ఇక పెరగదు. గ్రాఫులో గీత చదునవుతుంది. సరళకు ఆఖరి రెండు గొట్టాల్లో రంగు తగ్గింది. నాకూ తగ్గింది. ఆమె చూసింది చూసినట్టు రాసింది. నేను గొట్టాలు కడిగేసి, పుస్తకంలో గీతకు సరిపడే అంకెలు వేశాను.

సార్ ఆమె గ్రాఫు చూసి మొహం చిట్లించారు.

"ఏమ్మా, గాజు సామాను బోరు నీళ్లతో కడిగినావా?"

"లేదు సార్. రెండు తూర్లు చేసినా. ఇట్లనే వస్తాండాది."

సార్ నా వైపు తిరిగారు. "నీకూ ఇట్లనే వచ్చినాదా?"

సరళ నన్నే చూస్తోంది.

"లేదు సార్. నాకు సరిగ్గానే వచ్చినాది."

ఆ ఏడు సార్ దగ్గర పరిశోధనకు ఒక్కటే సీటు. నాకిచ్చారు. సరళ బీఎడ్ చేసి కదిరి దగ్గర బడిలో చేరింది.

ఏడాది తిరక్కుండానే నా చదువులోనే తెలిసింది. చక్కెర మరీ ఎక్కువైతే ఆ ఎంజైము నిజంగానే మందగిస్తుంది. సరళ రాసిందే నిజం. ఆ రోజంటే భయంతో అబద్ధమాడాననుకుందాం, మరి తెలిశాక? సార్ గది నా గదికి పది అడుగుల దూరం. సీటు పోతుందని వెళ్లలేదా? డిగ్రీ చేతికొచ్చాక కూడా వెళ్లలేదే, అప్పుడేం అడ్డమొచ్చింది? వెతికితే ఒక్కటే దొరుకుతుంది. నన్ను తెలివైనదని అందరూ అనడం నాకు ఇష్టం.

పోయిన నెల కదిరి బస్టాండులో సరళ కనిపించింది. పిల్లలకు సైన్సు చెబుతోందట. "ల్యాబు పనికి నా చెయ్యి కుదరల్యాలే మే," అని నవ్వింది. ఇన్నేళ్లూ తప్పు తనదే అనుకుందా? నోరు తెరిచాను. నీ బస్సు ఎన్నింటికి అని అడిగాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో లేదో. క్షమించమనే మొహం నాకు లేదు. సరళ తప్పేమీ లేదు. నేను అబద్ధం చెప్పాను. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.