ర్యామ్ మీద బొట్టు

నాది పుట్టు అనుమానం. ఇంటికి పాలు తెచ్చే ఆమె చెంబు వంచకముందే పాలలో వేలు ముంచి చూసేవాణ్ణి. బస్సులో కండక్టరు టికెట్టు చింపి ఇస్తే, వెనక్కి తిప్పి చూసి మరీ జేబులో పెట్టుకునేవాణ్ణి. అలాంటివాడి చేతిలో కంప్యూటరు పడితే ఏమవుతుందో చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మదనపల్లెలో గుమాస్తా పని చేసుకుంటూ, బెంగళూరు నుంచి విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే ఒక కంప్యూటరు బిగించుకున్నాను. భాగాలు తెచ్చిపెట్టిందీ, బిగించడం నేర్పిందీ పుంగనూరులో కొత్తగా రిపేరు అంగడి పెట్టుకున్న నా స్నేహితుడు. నాకన్నా చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. నేను అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించవచ్చని, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని ఏదో పత్రికలో చదివాను. ఇంకేముంది, పూనకం వచ్చేసింది. పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి, వేగం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను.

వేగం పెంచితే ముందుగా మొరాయించేది ర్యామ్. పొడుగాటి రెండు బిళ్లలు, మెషీను జ్ఞాపకమంతా వాటిలోనే. వాటిని పరీక్షించే ప్రోగ్రాము ఫ్లాపీలో దొరికేది. తప్పు కనబడితే తెర మీద ఎర్ర గీతలు పడతాయి. నా మెషీను రోజంతా నడిచినా ఒక్క గీత పడలేదు. ఆఫీసులో కాలరెగరేసుకుని తిరిగాను.

అంతలో ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు కొడవలి మొదలు సైకిలు దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. మా అమ్మ పసుపు గిన్నె పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. "దీంట్లో అసలు పని సేసేది యాదిరా నాయనా?" అంది.

గొప్ప కోసం ర్యామ్ బిళ్లలు రెండూ పీకి ఆమె చేతిలో పెట్టాను. "దీని తెలివంతా ఈడే ఉండాదమ్మా."

కొడవలికి అంచున పెట్టినట్టే, బిళ్ల కింద బంగారు రంగులో మెరిసే అంచుకు ఆమె తడి పసుపు పూసి కుంకుమ అద్దింది. నల్లటి చిప్పు మీద ఇంకో బొట్టు పెట్టింది. నేను అంచును మాత్రం పంచెతో ఒకసారి తుడిచి, చిప్పు మీది బొట్టు అలాగే ఉంచి, బిళ్లలను మళ్లీ స్లాట్లలో నొక్కేశాను.

రెండు రోజులకు మెషీను ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. వేగం తగ్గిస్తే బుద్ధిగా నడుస్తుంది. పెంచితే పది నిమిషాలకు చస్తుంది. పరీక్ష పెడితే తెర నిండా ఎర్ర గీతలే. కరెంటును అనుమానించాను. ఎదురింటి వెల్డింగు అంగడిని అనుమానించాను. చివరికి ర్యామ్ బిళ్లలు అట్టపెట్టెలో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాను.

"రెండ్రోజులు నా కాడ పెట్టిపోన్నా, సూస్తాను" అన్నాడు స్నేహితుడు. మూడో రోజు పోయేసరికి అంగట్లో నలుగురు కూర్చుని ఉన్నారు. అట్టపెట్టె నా చేతికిచ్చి, "బాగుండాయన్నా. నా మెషీన్లో పొద్దున్నించి నడిచినాయి, ఒక్క తప్పు రాలే" అన్నాడు. నా ముఖం చూడకుండా చెప్పాడు. నాకు అక్కడే మనసులో ముల్లు గుచ్చుకుంది.

ఇంటికొచ్చి పెట్టె విప్పితే చిప్పు మీద బొట్టు లేదు! బిళ్లలు రెండూ కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి. బిగించి వేగం పెంచాను. మళ్లీ ఎర్ర గీతలు. ఓహో, నా మంచి బిళ్లలు వాడు ఉంచుకుని పనికిరానివి అంటగట్టాడన్నమాట! ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో చెప్పాను, టీ అంగట్లో ఉప్పూకారం కలిపి చెప్పాను. అక్కడితోనైనా ఆగానా? కుప్పంలో నాకు వరసకు మామ అయ్యే ఒకాయన చిన్న స్కూలు నడిపేవాడు. అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునే పని నా స్నేహితుడికే ఇవ్వాలనుకుంటున్నాడు. ఆ పని వస్తేనే అంగడి నిలబడుతుందని వాడు నాతో ఎన్నిసార్లు అన్నాడో. ఎస్టీడీ బూతుకు పోయి మామకు ఫోన్ చేశాను. "వాడి చేతిలో పెట్టినావంటే నీ ర్యామ్‌లన్నీ మారిపోతాయి మామా" అన్నాను. మామ "అట్లనా" అని పెట్టేశాడు.

ఎండాకాలంలో దుమ్ము దులుపుదామని బిళ్లలు పీకి, స్లాటులోకి టార్చి వేసి చూశాను. లోపల పసుపు గడ్డకట్టి ఉంది. పాత బ్రష్షుతో తుడిచి, బిళ్లలు పెట్టి, వేగం పెంచి, పరీక్ష పెట్టాను. సాయంత్రం దాకా ఒక్క గీత పడలేదు. అప్పుడు గుర్తొచ్చి భాగాలు కొన్నప్పటి బిల్లు తీశాను. బిల్లు మీది నంబర్లూ, బిళ్లల మీది నంబర్లూ ఒకటే. ఛీ, అంత అనుమానపు వెధవనై ఉండి, బొట్టు కోసం వెతికాను గానీ నంబరు చూడాలని తోచలేదు.

మర్నాడే పుంగనూరు పోయాను. వాడు మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. అంగట్లో ఒక్క కంప్యూటరూ లేదు.

"తప్పయిపోయిందిరా. పసుపంతా స్లాటులో ఉండాది" అన్నాను.

"తెలుసన్నా. బిళ్లలకుండేది రబ్బరు పెట్టి రుద్ది తీసింది నేనే కదా."

"మరి యాల సెప్పలేదురా?"

"అమ్మ పెట్టిన బొట్టు. దాంతోనే సెడిపోయిందని నలుగురిలో ఎట్ల సెప్పేదన్నా? సీటీ రాసి పెట్టినా, సూడలేదా?"

కుప్పం సంగతి ఎత్తకుండానే బస్సెక్కాను. ఇంటికొచ్చి అట్టపెట్టె వెతికితే అడుగున మడతపెట్టిన చీటీ ఉంది. 'అన్నా, పసుపు తుడిచినాను. స్లాట్లలో కూడా ఉంటుంది, బ్రష్షుతో తుడువు. అమ్మకు చెప్పొద్దు, బాధపడుతుంది.' సిగ్గుతో చచ్చిపోయాను.

తెల్లారి ఆ చీటీ తీసుకుని కుప్పం పోయాను. స్కూలు పని ఇంకా ఎవరికీ ఇవ్వలేదని తెలిసి ప్రాణం లేచొచ్చింది. జరిగిందంతా దాచకుండా చెప్పి, చీటీ చేతిలో పెట్టాను. మామ రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"ఆ పొద్దు దొంగన్నిందీ నువ్వే, ఈ పొద్దు దొరన్నేదీ నువ్వే. ఈ సీటీ నిన్ననే రాయించుకోని రాలేదని నాకెట్ల తెలిసేదప్పా?"

ఒట్టు పెట్టాను. ఆయన నవ్వి, తల అడ్డంగా ఊపి చీటీ నాకే ఇచ్చేశాడు.