పికప్ తోకకు కట్టిన గుండు

దయ్యాలున్నాయని ఎవరన్నా అంటే ఆటపట్టించేవాణ్ణి. నేను మైకు సెట్టు వాణ్ణి. కూత వినిపిస్తే వైరు ఎక్కడ వదులైందో చూస్తాను, అంతే.

అరవైలలో దేవరకొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకు నా సెట్టే పోయేది. పాత రికార్డు యంత్రానికి సూది ఉండే కొత్త కార్ట్రిడ్జ్ బిగించాను. అది నాజూకుది. దాన్ని మోసే చెయ్యి, మేము పికప్ అనేవాళ్లం, మొద్దు ఇనుముది. ఆ బరువుకు సూది రికార్డును దున్నేసేది. వెనక తోకకు సరిపడా బరువు కడితేనే ముందువైపు తేలికవుతుంది.

ఏవేవో కట్టి చూశాను, కుదరలేదు. చివరికి అమ్మ గుడ్డలో మూటగట్టి దాచిన సీసపు గుండు తీశాను. అంతకు తొమ్మిదేళ్ల కింద మర్రిగూడ తోవలో మా గొర్రెల మందను తోలుకుపోయిన దొంగలు నాయినను నాటు తుపాకితో వెనక నుంచి కాల్చారు. ఆయన వీపులోంచి తీసిన గుండు అది. కాల్చిందెవరో తేలనేలేదు. సీసం సీసమే కదా అనుకున్నాను. తూచినట్టు సరిపోయింది. రెండేళ్లు ఒక్క రికార్డు కూడా పాడవలేదు.

తర్వాత జడ్చర్ల దిక్కు ఒక పెళ్లి. పట్టపగలు. పెళ్లికూతురి మేనమామ గొర్రెల బేరగాడు. అతను యంత్రం దగ్గరికి రాగానే సూది ఎగిరిపడింది. దూరం పోతే పాట నడిచింది. మూడుసార్లు ఇదే వరస. మూడోసారి, పెళ్లిలో పాట చెడగొడుతున్నానని నా చెంప పగలగొట్టి, కింద పడేసి కడుపులో తన్నాడు. పికప్ తోక పట్టి గుంజాడు. గుండును కట్టిన తీగ తెగి అది అతని చేతికొచ్చింది. పికప్ రికార్డు మీద పడింది.

"గిదేంది?" అన్నాడు.

"మా నాయినను సంపిన గుండు," అన్నాను, రక్తం ఉమ్మి.

అతని మొహం పాలిపోయింది. "మంద ఇడిసిపెట్టుమన్నం. ఇనలే గాయిన," అన్నాడు.

నేను మంద మాటే ఎత్తలేదు.

మైకు స్టాండు అందుకుని కొట్టాను. అతని మోకాలు విరిగింది. మళ్లీ కొట్టాను. నలుగురు నన్ను లాగేదాకా ఆపలేదు. అందుకు ఈనాటికీ నాకు బాధ లేదు.

లాగి పక్కన కూర్చోబెట్టాక గానీ పాట నా చెవికెక్కలేదు. గుండు ఇంకా అతని పిడికిట్లోనే ఉంది. తోకకు బరువు లేదు. సూది విరగాలి, రికార్డు చీలిపోవాలి. పాట చివరిదాకా నడిచింది. రికార్డును ఎండకు పట్టి చూస్తే ఒక్క గీత లేదు.

ఇంటికొచ్చి బరువు లేకుండా ఎన్నోసార్లు పెట్టి చూశాను. ప్రతిసారీ రికార్డును దున్నేసింది. ఆ రోజు ఆ ఇనుప చేతిని వెనక నుంచి ఎవరు పట్టుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.