ఐతారం మూగవోయే ఫోను

2023 ఎండకాలం. మెట్‌పల్లి బజార్ల నాది చిన్న మొబైల్ రిపేర్ దుకాణం. ఆడమనిషికి రిపేర్ వస్తదా అని ఎగాదిగా చూసేటోళ్లు గూడ చివరికి నా దగ్గరికే వస్తరు, ఏం జేస్తరు మరి.

ఒకనాడు డేనియల్ వచ్చిండు. హమాలీ పని చేస్తడు, ఐతారం చర్చిల మైకు చూసుకుంటడు.

"అక్కా, ప్రార్థన నడుమ సౌండ్ బాక్సుల సినిమా పాటలొస్తున్నై. నేనే పెడుతున్ననని పెద్దలు గరమైతున్రు. ఇంకోపారి గిట్లయితే మైకు వేరేటోళ్లకిస్తరంట. నా పెండ్లి గాకముందుసంది అది నా చేతులనే ఉన్నది."

పాపం, ఏడుపొక్కటే తక్కువ. ఆ బాక్సు బ్లూటూత్‌ది, అంటే తీగ లేకుంటనే ఫోన్ల పాట దాంట్ల మోగుతది. పాస్‌వర్డ్ లేదు, దగ్గరున్న ఏ ఫోనన్న కలుస్తది. ఎవల ఫోనని వెతకాలె?

గా సాయంత్రమే మరియమ్మవ్వ వచ్చింది. మోకాళ్ల నొప్పులని కొన్నాళ్లసంది చర్చికి పోతలేదు.

"బిడ్డా, నా ఫోను ఐతారం పొద్దుగాల మూగవోతున్నది. మిగతా రోజులు మంచిగనే పాడుతది."

నా చేతిల స్క్రూడ్రైవర్ ఆగింది. "అవ్వా, మీ ఇల్లెక్కడ?"

"చర్చి గోడకు ఆనుకొనే."

సెట్టింగ్స్ తెరిస్తే చర్చి బాక్సు పేరున్నది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు ఆమె ఫోన్నే కలిపిన్రట. ఒకపారి పెయిరింగ్ అయితే, అంటే జత కుదిరితే, బ్లూటూత్ ఆన్‌ల ఉన్నంతసేపు ఫోను తనంతల తనే పోయి కలుస్తది.

"మూగవోతే ఏం జేస్తవవ్వా?"

"సౌండు పెంచుత."

నవ్వాపుకోలేక కౌంటర్ కిందికి వంగిన. తర్వాత జత తీసేసి, పాట గాబట్టి సరిపోయింది, ఇంటి ముచ్చట ఫోన్ల మాట్లాడినా గట్లనే మోగేదని చెప్పిన. డేనియల్ సంగతి చెప్తే ఆమె మొఖం చిన్నగైంది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఇంట్ల కూసోని పాటలింటున్నదంటే ఇజ్జత్ పోతది."

"పాటలు ఆగుతై గని, డేనియల్ మీద పడ్డ మాట ఎట్ల పోతదవ్వా?"

ఆమె ఫోను తీస్కొని పోయింది.

బాక్సు ఒకపారి చూడమని డేనియల్ పిలిస్తే ఐతారం చర్చికి పోయిన. దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, మరియమ్మవ్వ కట్టె పట్టుకొని లేచింది. డేనియలే మైకందిచ్చిండు.

"గా పాటలు నావి. మోకాళ్లు నొస్తున్నయి నిజమే గని, గోడ దాటి రాలేనంత గాదు. డేనియల్ తప్పేం లేదు."

పెద్దలే ముందు నవ్విన్రు. డేనియల్ కండ్లు తుడుసుకున్నడు. నాకైతే పానం నిమ్మలమైంది.

పనైనంక బ్లూటూత్ బంద్ జేయాలె, అక్కర లేని జతలు తీసేయాలె అని దుకాణంల కాగితం అతికించిన. ఒక్కలు చదివితే ఒట్టు. దొరికిపోయిన మనిషి చెప్తేనే జనం ఇంటరని నాకప్పుడు తెలిసింది. ఇప్పుడు ప్రార్థనకు ముందు డేనియల్ మైకు మరియమ్మవ్వకే ఇస్తడు.

"బ్లూటూత్‌లు బంద్ జేసుకోన్రి, నా లెక్క దొరకకున్రి" అంటదామె. అందరి చేతులు జేబులల్లకు పోతయి.