చిలకకు వేసిన వేపాకు పొగ

గొర్రెను కొనేటప్పుడు ముందు తోక ఎత్తి చూడాలి. అక్కడ శుభ్రంగా ఉంటే కడుపు బాగున్నట్టు. తర్వాత ముక్కు చూడాలి, నీరు కారుతూ ఉండకూడదు. కన్ను చూడాలి. వీపు మీద చెయ్యి వేసి ఎముక ఎంత తగులుతోందో చూడాలి. చివరగా పక్కటెముకలకు చెవి ఆనించి ఊపిరి వినాలి. ఇదంతా మా అత్త నేర్పింది. నాకు వేరే చదువు లేదు. హిందూపురంలో ఒక సారు ఇంటి మిద్దె మీద బూడిద రంగు చిలకను కొన్నప్పుడు కూడా ఇలాగే చూసి కొన్నాను.

ఆ చిలక ఇప్పుడు బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. బాగుండకపోతే ఈ సంగతి నా నోటి నుంచి వచ్చేదే కాదు. నేను చెబుతుంటే మా కూతురు రాస్తోంది. నా మాటను దిద్దుకుంటే దిద్దుకో గానీ, మనుషులు మాట్లాడినవి మాత్రం మాట్లాడినట్టే పెట్టమన్నాను.

మాది పెనుకొండ, కొండ కింద చివరి వీధి. మా ఆయన పోయి మూడేళ్లయింది. పొద్దున మందను తోలుకొని పోయాడు. సాయంత్రం మంద ఒక్కటే ఇంటికి వచ్చింది. ఆ తర్వాత నా మోకాళ్లతో నలభై తలలను మేపడం అయ్యే పని కాదని తెలిసి అమ్మేశాను. కొన్నది మా వీధిలోనే ఉండే మరిది, మా ఆయనకు వరసకు తమ్ముడు. రోజూ పొద్దున మా గడప ముందు నుంచే మంద పోతుంది. నేను లోపల కూర్చొని గిట్టల చప్పుడు వినేదాన్ని.

నాది గరగర గొంతు. ఎండలో, గాలిలో గొర్రెలను కేకేసి కేకేసి అలా అయింది. మంద పోయాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. పొద్దున లేస్తే రాత్రి పడుకునేదాకా ఒక్క మాట లేదు. ధర్మవరంలో మా అల్లుడిది మగ్గాల పని. అక్కడికి పోయినప్పుడు కూతురు ఒకరోజు ఫోన్‌లో బూడిద చిలకను చూపించింది. అది తన యజమానిని పేరు పెట్టి పిలిచి తిడుతోంది. నేను నవ్వాను. మా కూతురు చిలకను వదిలేసి నా ముఖం చూస్తూ ఉండిపోయింది. అట్లా మొదలైంది.

గొర్రెల మీద వచ్చిన దుడ్లలో కొంత చిలకకని తీసిపెట్టాను. పక్కింటామె ఊరుకుంటుందా?

"గొర్రెలనమ్మి పిట్టను కొంటాదంట! రేపు పిట్టనమ్మి చీమను కొంటాదేమో!"

"కొంటా లే మే. కొని నీ చక్కెర డబ్బా కాడికే తోలుతా," అన్నాను.

హిందూపురం సారు రిటైరై మిద్దె మీద పక్షులు పెంచుతున్నాడు. మన తోటల్లో పచ్చ చిలకలు ఎన్నో ఉండగా ఈ పరదేశపుది ఎందుకని నాకే ఒక సందేహం. అడిగాను.

"పచ్చ చిలకను పంజరంలో పెడితే కేసమ్మా. ఇదైతే కాయితం ఉండాది, కాలికి నెంబరు రింగుండాది. పెంచుకోవచ్చు."

"మన ఊరిదాన్ని పెంచితే తప్పు, యాడిదాన్నో పెంచితే ఒప్పా? ఇదేం రాజ్యం సారూ!"

నాలుగు పిల్లలను చూపించాడు. అన్నీ బూడిద పూసుకున్నట్టు ఉన్నాయి, తోక మాత్రం ఎర్రగా కుంకం అద్దినట్టు. ఒకటి అప్పుడే ఈల వేస్తోంది. సారు దాన్నే ముందుకు తెచ్చాడు.

"ఇది శానా తెలివైందమ్మా. ఇదే తీసుకో."

"ఈల సంతలో దళారి కూడా వేస్తాడు. తోక ఎత్తు సారూ."

సారు నవ్వాడు. "తోక ఎత్తితే ఆడో మగో తెలియదమ్మా దీనికి. ఈక పంపించి పరీక్ష చేయించల్ల."

"ఆడా మగా చూసేకి కాదు. కడుపు చూసేకి."

ఈల వేసేదానికి ముక్కు దగ్గర ఏదో ఎండి ఉంది. ఇంకోదానికి రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. మూడోది బాగానే ఉంది కానీ చెయ్యి చూస్తే వణుకుతోంది. నాలుగోది మూల కూర్చొని ఒక కన్నుతో నన్నే చూస్తోంది. అంతా శుభ్రం. ఊపిరి విందామని చెవి దగ్గర పెట్టుకుంటే నా కమ్మ పట్టుకొని లాగింది.

"ఇదే," అన్నాను.

"ఇన్నేండ్ల నుంచి పక్షులు అమ్ముతాండా. ఇట్ల చూసి కొన్నోళ్లను చూడలేదమ్మా!" అన్నాడు సారు. ఆ మాటకు నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పలేను. నా చేతి కింద ఒక్క గొర్రెపిల్ల కూడా చావలేదని ఊరంతా చెప్పుకొని తిరిగినదాన్ని కదా.

సారు జాగ్రత్తలు చెప్పాడు. గింజలొకటే పెట్టకూడదు, ఆకుకూర, క్యారెట్టు పెట్టాలి. రోజూ కాసేపు బయటకు వదలాలి. దాని దగ్గర బీడీ, సిగరెట్టు తాగకూడదు. మా ఇంట్లో తాగేవాళ్లే లేరన్నాను. ఇది యాభై ఏళ్లు బతకవచ్చు, నీ తర్వాత ఎవరు చూస్తారని అడిగాడు. నేను చూస్తానని వెంట వచ్చిన మా కూతురు ఒప్పుకుంది. ఒంటరిగా వదిలేస్తే తన ఈకలు తానే పీక్కుంటుందని కూడా చెప్పాడు. ఆ ఒక్కటి మాత్రం నాకు వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంటికి తెచ్చాక చాలా నెలలు అది మాట్లాడలేదు. నేనే మాట్లాడేదాన్ని. కూర మాడితే చెప్పేదాన్ని, మోకాలు నొస్తే చెప్పేదాన్ని. మా ఆయన సంగతులు చెప్పేదాన్ని. ఒక్కోసారి దాన్ని నవ్వించాలని పాత కేక వేసేదాన్ని, మందను మళ్లించే కేక. "హైత్ ర్ర్ర్ర్... దా దా దా!" అది మెడ వంచి వినేది. అంతే.

ఒకరోజు పొద్దున మంద మా ఇంటి ముందు పోతోంది. నేను పెరట్లో ఉన్నాను. వసారాలో నుంచి నా గొంతు వినబడింది. "హైత్ ర్ర్ర్ర్... దా దా దా!" పరుగున వచ్చి చూస్తే నలభై గొర్రెలు మా వాకిట్లో ఉన్నాయి. ఒకటి తులసి కోట మీదికి కాళ్లు పెట్టింది. వెనకాల మరిది కర్ర పట్టుకొని వచ్చాడు.

"ఏం వదినా! అమ్మిన గొర్రెలను మళ్లీ పిలిపించుకుంటాండావా? ఇదేం యాపారం?"

"నేను పిలవలేదప్పా. ఆ పిట్ట పిలిచింది!"

"పిట్ట పిలిచేదేంది? నీ గొంతు నాకు తెలీదా?"

చిలక అతని ముఖం చూస్తూ మళ్లీ కేక వేసింది. మరిది కర్ర వదిలేసి కింద కూర్చొని నవ్వాడు. అప్పటి నుంచి తొందర ఉన్నరోజు మందను వెనక వీధి నుంచి తోలుకొని పోయేవాడు. తీరిక ఉన్నరోజు కావాలనే ఇటు వచ్చేవాడు.

పోయిన వానల్లో దోమలు ముసిరాయి. చిలక రెక్క కింద ముక్కు పెట్టి గీరుకుంటుంటే దోమలు కుడుతున్నాయని అనుకున్నాను. గొర్రెల దొడ్డిలో సాయంత్రం పూట ఏం చేస్తాం? కుండలో పిడకలు రాజేసి, పైన పచ్చి వేపాకు వేసి పొగ పెడతాం. గొర్రెకు జలుబు చేసినా అదే, పురుగు పట్టినా అదే. మాకు పొగ అంటే మందు. రోజూ సాయంత్రం తలుపు మూసి, పంజరం పక్కనే కుండ పెట్టాను. మమకారంతోనే పెట్టాను.

ఐదో రోజుకు చిలక మాట తగ్గింది. ఈకలు ఉబ్బించుకొని కూర్చుంది. జలుబు చేసిందనుకొని ఆ సాయంత్రం ఇంకో రెండు పిడకలు ఎక్కువ వేశాను. వాము కూడా చల్లాను.

పొద్దున మంద వచ్చింది, పోయింది. చిలక కేక వేయలేదు. పోయి చూస్తే కొమ్మ మీద నుంచి పంజరం అడుగుకు దిగి కూర్చొని ఉంది. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక కిందికీ పైకీ ఊగుతోంది. చెవి ఆనించాను. లోపల పిల్లి కూన ఉన్నట్టు సన్నగా కూత. ఆ కూత ఏ గొర్రెలో విన్నా నాకు తెలుసు. అది మంచి కూత కాదు.

పశువుల ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు చూసి, "ఇది నా చేతి పని కాదమ్మా, ధర్మవరంలో పక్షులు చూసే డాక్టరమ్మ ఉండాది, ఆలస్యం చేయద్దు," అన్నాడు. పంజరానికి పాత చీర చుట్టి పాసింజరు రైలెక్కాను. ఎదురుగా కూర్చున్నామె అడిగింది.

"ఏముండాది అవ్వా అందులో? కోడా?"

"చిలక."

"చిలకైతే ఒక మాట చెప్పమను, విందాం."

"అది మాట చెప్తాంటే నేనెందుకు ఈ రైలెక్కుతా తల్లీ?"

ఆమె కిటికీ పక్క చోటు నాకిచ్చి జరిగి కూర్చుంది.

డాక్టరమ్మకు మా కూతురి వయసు ఉంటుంది. చిలకను అద్దాల పెట్టెలో పెట్టి లోపలికి ఆక్సిజన్ గొట్టం పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంట్లో పొగేమన్నా తగిలిందా అమ్మా?"

"మా ఇంట్లో బీడీ తాగేవాళ్లే లేరు తల్లీ."

"బీడీ ఒకటే కాదమ్మా. సాంబ్రాణి, పిడకలు, మాడిన నూనె, ఏ పొగైనా."

ఒళ్లో ఉన్న నా చేతులు ఇంకా వేపాకు వాసన వస్తున్నాయి. దాచడానికి లేదు, చెప్పేశాను. ఎన్ని రోజులంటే ఐదు రోజులన్నాను. చివరి రోజు రెండు పిడకలు ఎక్కువ వేశానని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. గొర్రె ఊపిరి వేరు, పక్షి ఊపిరి వేరు, దీనికి ఒంట్లో గాలి సంచులుంటాయి, అక్కడిదాకా పొగ పోతుందని చెప్పింది. రేపు పొద్దునదాకా ఏమీ చెప్పలేనంది.

తిడితే బాగుండేది. ఎవరో చేసి ఉంటే నేను వాళ్లను తిట్టేదాన్ని. కూతురి ఇంటికి పోయి మగ్గాల చప్పుడులో కూర్చున్నాను. అంత చూసి, తోక ఎత్తి, ఊపిరి విని, నాలుగింటిలో మంచిదాన్ని ఏరి తెచ్చుకొని నా చేత్తోనే దానికి పొగ పెట్టాను. బతికితే హిందూపురం సారుకే తిరిగి ఇచ్చేస్తానని మా కూతురితో అన్నాను.

మరుసటి రోజు ఆసుపత్రి తలుపు తెరవకముందే మెట్ల మీద ఉన్నాను. డాక్టరమ్మ లోపలికి పోయి చూసి, బయటికి వచ్చి, "రా అమ్మా," అంది. ఆ రెండు మాటలు ఎలా అందో విని సగం ప్రాణం వచ్చింది. చిలక కొమ్మ ఎక్కి కూర్చొని ఉంది. తోక ఊగుతూనే ఉంది కానీ నిన్నటంత కాదు. క్యారెట్టు ముక్క సగం కొరికి పడేసింది. నాకు మెట్ల మీద రాని ఏడుపు అక్కడ వచ్చింది.

ఎనిమిది రోజులు మందు ఆవిరి పట్టించారు. ఇంటికి పంపేముందు నేను సారుకు ఫోన్ చేయించి జరిగింది దాచకుండా చెప్పాను. తిరిగి తీసుకోమన్నాను.

"తప్పు నాదీ ఉండాదమ్మా. బీడీ అని చెప్పినానే గానీ పొగంతా అని చెప్పలేదు. మొన్న కొన్నోళ్లకూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పల్ల."

"మరి చిలకను పంపనా సారూ?"

"యాడికి? తప్పు తెలుసుకున్న చేతుల్లో ఉండనీ. ఇంకో ఇంటికి పోతే వాళ్లు మొదటి నుంచి నేర్చుకోవల్ల."

ఫోన్ కూతురి చేతికిచ్చి, మా ఊరి రైలు ఎప్పుడుందో అడగమన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో పొగ లేదు. కుండ పెరట్లో బోర్లించి ఉంది. మా ఆయన దోమతెరను కత్తిరించి పంజరం చుట్టూ కుట్టాను. పొద్దున లేత ఎండలో పెడతాను, మునగాకు పెడతాను, అది ఒంటికి మంచిదని డాక్టరమ్మ చెప్పింది. పోపు వేసేటప్పుడు పెరటి గదిలో ఉంచి తలుపు వేస్తాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటే, అది నోరు తెరవలేదు. రోజూ మంద వచ్చేది. మరిది వాకిట్లో ఆగి, "ఏమే, ఈ పొద్దన్నా పిలుస్తావా?" అని దాన్ని అడిగి, నా ముఖం చూడకుండా పోయేవాడు.

ఇరవై రోజులు దాటాయేమో. నేను వసారాలో మునగాకు దూస్తున్నాను. గిట్టల చప్పుడు దగ్గరికి వచ్చింది. నా తల మీద నుంచి, నా గొంతు కన్నా గరగరగా, సగంలో ఒకసారి తెగి మళ్లీ అతుక్కొని, కేక వచ్చింది.

"హైత్ ర్ర్ర్... దా దా దా!"

మంద తిరిగింది. వాకిలి నిండిపోయింది. వెనకాల మరిది అరుపు వినిపిస్తోంది.

"వదినా! కేసు పెడతా నీ మీద! గొర్రెలన్నీ దొంగలించుకుంటాండావు!" అంటున్నాడు గానీ ఆ గొంతులో పండగ ఉంది.

ముసలి గొర్రె ఒకటి చేటలో మూతి పెట్టి చిలక కోసం దూసిన మునగాకంతా తినేస్తోంది. దాన్ని తోలలేదు. తెర తీసి చిలకను చేతి మీదికి ఎక్కించుకొని, దాని వీపుకు చెవి ఆనించాను. లోపల ఏ కూతా లేదు, ఊపిరి ఒక్కటే వస్తూ పోతూ ఉంది. అది మెడ తిప్పి నా కమ్మ పట్టుకొని లాగింది. గట్టిగానే నొప్పి పుట్టింది. లాగనీలే అని అలాగే ఉన్నాను.