కోర్టుకు పోయిన కాగితం

ఎనిమిదేళ్లుగా ఒక వేలిముద్రను మోస్తున్నాను. అది నాది కాదు. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

అల్లూరుకు అవతల, సముద్రం వైపు ఒక స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేశాను. అక్కడొక రొయ్యల చెరువు యజమాని దొంగల భయంతో గట్టు చుట్టూ కరెంటు తీగ లాగాడు. తెల్లవారుజామున వల భుజాన వేసుకుని ఆ దారిన పోతున్న జాలరి, పోలమ్మ అనే ఆమె మొగుడు, దానికి తగిలి చచ్చిపోయాడు. ఆమె ఫిర్యాదు రాసుకున్నది నేనే. తీగను నా కళ్లతో చూశాను. మూడో రోజుకు తీగ లేదు. చూసిన కూలీలిద్దరూ చూడలేదన్నారు, వాళ్ల పని ఆ చెరువులోనే మరి. ఎస్సై గారు ఫైలు మీద ‘తదుపరి చర్య నిలిపివేయడమైనది’ అని రాసి సంతకం పెట్టేశారు. ఎంత మర్యాదగా ఉందో చూడండి ఆ మాట.

కేసు మూసేటప్పుడు ఫిర్యాదుదారుకు నోటీసు ఇవ్వాలి. ఒప్పుకోకపోతే మేజిస్ట్రేటుకు చెప్పుకోవచ్చని అందులో ఉంటుంది. పోలమ్మకు మిగిలిన దారి అదొక్కటే. ఆ నోటీసు పట్టుకుని పోయింది నేను. ఆమె గుడిసె ముందు చేపలు ఎండేస్తోంది. చదువు రాదు.

"ఏం కాగితమన్నా ఇది?"

"నీ కేసుదే. కోర్టుకు పోతాంది. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"అయితే జడ్జి గారు నన్ను పిలిపిస్తారా?"

"పిలిపిస్తారు."

చెయ్యి చీరకు తుడుచుకుని వేసింది. నాకు దణ్ణం పెట్టింది.

కాగితం కోర్టుకు పోయిన మాట నిజమే. మూసేసిన కేసు కూడా కోర్టుకే పోతుంది, నోటీసు ముట్టిందనే వేలిముద్రతో సహా. ఇన్నేళ్లూ ఆ ముక్కను అడ్డం పెట్టుకుని బతికాను. నేను ఆడింది అబద్ధమా? సిగ్గులేకపోతే సరి, ఇంకా ఈ ప్రశ్నేనా? నిజం చెబితే ఏడ్చి గోల చేస్తుందని, ఎస్సై గారు నన్ను తిడతారని, భోజనం వేళకు ఇంటికి పోవాలని. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని వెతికాను, దొరకలేదు. సాక్షులు లేక కేసు పోయిందని అందరితో పాటు నేనూ అన్నాను. తీగను చూసినవాణ్ణి నేను లేనా?

ఇప్పుడు రిటైరయ్యాను. మొన్న అల్లూరు బస్టాండులో ఆమె కనిపించింది. సూళ్లూరుపేటలో ఉన్న కూతురు వచ్చి తన దగ్గర ఉండమంటోందట. "నేను లేనప్పుడు కోర్టు కబురొస్తే ఎట్టా అన్నా, అందుకే పోలా" అంది. నేను తల ఊపి బస్సెక్కాను.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. దాని మీద కూడా నాకు కోపమే.

ఆ కబురు రాదు పోలమ్మా. నేనే రానివ్వలేదు.