మూడు వేళ్ల చెయ్యి

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు. మా బావకు పాడైపోయిన తాళాలే గురువులు. మా అక్కను చేసుకున్న కొత్తలో మా ఇంటికి వచ్చి, బీరువా తాళం మొరాయిస్తోందని విని, భోజనం మానేసి దాని ముందు చతికిలబడ్డాడు. తాళం తెరుచుకుంది గానీ మళ్లీ పడలేదు. ఇప్పటికీ ఆ మాటెత్తి ఏడిపిస్తుంటాను.

తలుపు బందులు చేసే ఫ్యాక్టరీలో ఉండగా ప్రెస్సు మిషను ఆయన రెండు వేళ్లు మింగేసింది. యజమాని తనకేం సంబంధం లేదన్నాడు. బావ యూనియన్ పెట్టాడు. ప్రతి మీటింగులో, నేను మైకు సర్దిపెడితే, ఆ చెయ్యెత్తి, "చేతులు పడకుండా అడ్డురేకు లేని మిషను మీద కూచోబెడితే ఇదీ మిగిలేది!" అనేవాడు. జనం ఊగిపోయేవారు. ఆ చెయ్యే ఆయన్ని శాసనసభకు పంపింది.

ఈలోగా, ఇంటి వెనక షెడ్డులో సొంతంగా మొదలుపెట్టిన బందుల పని పెద్ద ఫ్యాక్టరీ అయింది. ఆర్డర్లు తలకు మించి వచ్చిన ఏడాది, పని నత్తనడక నడుస్తోందని అడ్డురేకులు తనే విప్పేశాడు.

"ఏరు దాటి తెప్ప తగలేస్తున్నావు బావా" అన్నాను.

"నాకు తెలీని మిషనా? నువ్వు నీ మైకు సంగతి చూసుకో" అని కసిరాడు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. అప్పుడే ప్రెస్సు మీద పనిచేసే ఒకామెకు చూపుడువేలు తెగిపోయింది. వైద్యం, జీతం తనే చూసుకుంటానని బావ కబురు పంపాడు. ఆమె కట్టు కట్టిన చేత్తో ఇంటికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అన్నా, నువ్వు చెయ్యెత్తి చూపిస్తే మేం ఓట్లేశాం. దీన్ని నేనెక్కడ ఎత్తి చూపించాలో చెప్పు" అంది.

బావ ఆ పూట భోజనం మానేశాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

సాయంత్రం ఆఖరి మీటింగు. అలవాటు ప్రకారం చెయ్యెత్తాడు.

"ఇది నా యజమాని చేసింది" అన్నాడు. ముందు వరసలో ఉన్న ఆమె కట్టు చెయ్యి చూపించి, "అది నేను చేశాను. ఈ చేత్తోనే అడ్డురేకు విప్పాను" అన్నాడు.

కొంప మునిగిందని మైకు ఆపబోయాను. పక్కనున్న అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఉండరా, చెప్పనీ" అంది.

బావ ఓడిపోయాడు. ఆ వారమే అడ్డురేకులన్నీ తిరిగి బిగించి, వాటికి సొంతంగా తాళాలు చేసి వేశాడు. ఈ తాళాలు మాత్రం పడ్డాయి. తాళంచెవులు ఆ వేలు తెగినామె చేతికిచ్చి, "నేనడిగినా ఇవ్వకమ్మా" అన్నాడు.

ఆర్డర్లు ఎక్కువైనప్పుడు రెండుసార్లు అడిగాడు. ఆమె ఇవ్వలేదు.