ఎల్లాజీ చేతి మచ్చలు

2023 వేసవి. భోగాపురం అవతల సముద్రం ఒడ్డునున్న ఊళ్లో పీహెచ్‌సీ, అంటే ప్రభుత్వ ప్రాథమిక ఆసుపత్రి. అందులో నేను స్టాఫ్ నర్సుని. వేట నిషేధం రోజులు కావడంతో పడవలతో పాటు మగవాళ్లూ ఒడ్డునే ఉన్నారు. ఖాళీగా ఉన్న మగవాడికి ఒంట్లో ఎన్ని నొప్పులు పుడతాయో ఆ రోజుల్లో నా ఓపీ వరస చూస్తే తెలిసేది.

ఒక పొద్దున గురువులు అనే జాలరి తన మేనల్లుడు ఎల్లాజీని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. వెనకే గురువులు కూతురు లక్ష్మి. ఆ పిల్లకీ ఎల్లాజీకీ ఆ వారంలోనే పెళ్లి. కుర్రాడి కుడిచేతి నిండా గుండ్రటి ఎర్రమచ్చలు. అది తామర అనీ, అంటుకునే జబ్బనీ, పిల్లనివ్వననీ గురువులు పట్టు. రాళ్ల సందుల్లో పీతల కోసం చెయ్యి పెడితే ఆక్టోపస్ పట్టుకుందని ఎల్లాజీ మొత్తుకుంటున్నాడు. లక్ష్మి ముఖం ఏడ్చి ఏడ్చి వాచిపోయింది. నాకు ఒళ్లు మండింది.

మచ్చలు రెండేసి వరసల్లో ఉన్నాయి. మణికట్టు దగ్గర పెద్దవి, మోచేతి వైపు పోనుపోను చిన్నవి. తామర అలా వరసలు కట్టదు. ఆక్టోపస్ కాళ్ల కింద ఉండే సక్కర్లు, అంటే పీల్చి పట్టుకునే చిన్న గిన్నెల్లాంటివి, సరిగ్గా అలాగే ఉంటాయి. దాని కాళ్ల మధ్య చిలక ముక్కులాంటి నోరుంటుంది కాబట్టి కాటు కోసం కూడా వెతికాను. లేదు. మచ్చలు వాటంతటవే పోతాయని చెప్పాను.

"పుట్టినకాడ్నించీ సముద్రంలోనే ఉన్నాను. వల్లో వస్తాది, తడిగుడ్డ లాగ పడుంటాది. అది మచ్చలు పెడతాదేటమ్మా?" అన్నాడు గురువులు. ఆయన చూసినవన్నీ వలలో నలిగి ప్రాణం పోయినవే. బతికున్నదాని బలం ఆయనకెలా తెలుస్తుంది?

మర్నాడు ఎల్లాజీ ఆ రాళ్ల దగ్గరికే వెళ్లాడు. తిని పడేసిన పీత డిప్పలు ఏ సందు ముందు పోగుపడి ఉంటే అదే దాని ఇల్లు. పీతని ఎరగా చూపించి బయటికి రప్పించి, సముద్రపు నీళ్ల బకెట్‌లో వేసి ఆసుపత్రికి తెచ్చాడు. గురువులునీ లక్ష్మినీ కూడా రప్పించాడు. అది ఇసక రంగులో బుద్ధిగా కూర్చుంది. నేను వద్దంటున్నా గురువులు చెయ్యి ముంచాడు. అది ఎర్రగా మారి మోచేతి దాకా చుట్టేసింది. ఆయన ఒక కాలు ఊడదీస్తే రెండు అంటుకుంటున్నాయి.

"లాగకు మావా, లాగితే ఇంకా బిగిస్తాది," అన్నాడు ఎల్లాజీ, కాస్త సంతోషంగానే.

నేనొక మట్టి ముంత తెప్పించి బకెట్‌లో పడుకోబెట్టాను. చెయ్యి నీళ్లలోనే ఉంచి కదలొద్దన్నాను. పాపం దానికి కావలసింది దాక్కోవడానికి కాస్త చీకటి. ఓపీలో ఉన్నవాళ్లంతా తమ నొప్పులు మర్చిపోయి చుట్టూ చేరారు. చాలాసేపటికి అది తీరిగ్గా ఒక్కో కాలే వదులుతూ ముంతలోకి దూరింది. గురువులు చేతి మీద మచ్చలు, రెండేసి వరసల్లో.

లక్ష్మి ఆ చేతిని నిదానంగా చూసింది. "నాన్నా, నీకూ వచ్చీసినాది జబ్బు. అమ్మని పుట్టింటికి పంపించీమంటావేటి?"

గురువులు చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. ఆక్టోపస్‌ని కూర వండడానికి లక్ష్మి ఒప్పుకోలేదు. ఎల్లాజీ దాన్ని ముంతతో సహా రాళ్ల దగ్గర వదిలేశాడు.

మొండికేసిన రోగితో నేనిప్పుడు గుంజులాడను. పట్టు వదలడానికి ఒక దారి చూపించి, కాసేపు ఊరుకుంటాను.

పెళ్లికి నేనూ వెళ్లాను. కాళ్లు కడుగుతున్న మామ చేతికీ, కడిగించుకుంటున్న అల్లుడి చేతికీ ఒకే రకం మచ్చలు. నా పక్కనున్న ముసలమ్మ, మామా అల్లుళ్లు జతగా పచ్చబొట్లు పొడిపించుకున్నారేటని అడిగింది.

అవునన్నాను.